‘ట్రెజర్ ఐలండ్’లో లెక్క తేలని నాణెములు

ఈ సంచిక తెలుగు విభాగమునకు ఒక వ్యాసము వ్రాసి ఇవ్వవలసినదిగా సంపాదకవర్గము వారు కోరినప్పుడు, మా నుండి ఏ ప్రబంధ విమర్శయో, ఏ కవి జీవితమో ఆశించి యుందురు. మేము ఎన్నుకొన్నది పిల్లల పుస్తకము. సముద్రపు దొంగలు, పాతిపెట్టిన ధనము, ఒంటికాలి వంటవాడు, మాట్లాడెడి చిలుక గల నవలను గూర్చి పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను గత వేసవిలో ‘ట్రెజర్ ఐలండ్’ను ముప్పదినాలుగు అధ్యాయములూ విడువక మరల చదివినప్పుడు, బాలుర కంట పడని పుస్తకము మరియొకటి ఆ అట్టల మధ్యనే ఉన్నట్లు మాకు తోచినది. దానిని గూర్చి విద్యార్థులతోను, కమిటీ పెద్దలతోను నాలుగు మాటలు పంచుకొనవలెనని మా కోరిక.

పుస్తకము పుట్టుక చాలమందికి తెలిసినదే కనుక త్వరగా చెప్పి ముగింతుము. గ్రంథకర్త రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1850లో ఎడింబరోలో జన్మించినాడు. ఆ వంశమువారు సముద్రతీరములలో దీపస్తంభములు కట్టించిన ఇంజనీర్లు. 1881లో స్కాట్లండులోని బ్రేమార్ అను పల్లెలో, వానలకు బయటికి పోవుటకు వీలులేక, తన భార్యకు మొదటి వివాహమున కలిగిన కుమారుడు, పదమూడేండ్ల లాయిడ్‌తో కలిసి రంగుల బొమ్మలు వేయుచు ప్రొద్దు పుచ్చినాడు. ఆ బొమ్మలలో ఒకటి ఒక ద్వీపము యొక్క పటము. పటము ముందు, కథ తరువాత. పదునైదు దినములలో పదునైదు అధ్యాయములు వ్రాసి, ఆపై కలము సాగక, మిగిలినది స్విట్జర్లండులోని డావోస్‌లో పూర్తిచేసినాడు. 1881 అక్టోబరు మొదలు 1882 జనవరి వరకు ఒక బాలల పత్రికలో మారుపేరుతో వెలువడినప్పుడు దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 1883లో పుస్తకమైనది. నూరు పౌనులు ముట్టినవని ఆయన మిక్కిలి సంతోషించినాడు. బాలుర కథ కనుక ఇందులో స్త్రీలకు చోటు లేదని కూడ ఒక నియమము పెట్టుకొన్నాడట. ఆ నియమమును తప్పించుకొని కథలోనికి వచ్చి, కొంతదూరము నడచిన స్త్రీ ఒక్కతెయే. ఆమె కథానాయకుడగు జిమ్ హాకిన్స్ తల్లి. మా వ్యాసమునకు ఆమెయే ముఖ్యురాలు.

మేము ఈ కథను మొదట చదివినది పాఠశాలలో ఆంగ్ల ఉపవాచకముగా. ఆ రోజులలో దానిని నాన్-డిటెయిల్డ్ అనెడివారు. ఎనుబది పుటల సంక్షిప్త రూపము. ప్రతి అధ్యాయము చివర ప్రశ్నలు. ఆ తరువాత నండూరి రామమోహనరావు గారు ‘కాంచన ద్వీపం’ పేరిట తెలుగు చేసిన పుస్తకమును చదివి, తెలుగులో కూడ సముద్రము ఇంత బాగుగా ఘోషింపగలదా అని ఆశ్చర్యపడినాము. ఉపవాచకమున గుడ్డివాని కర్ర చప్పుడు ఉన్నది, ఆపిలు పీపాలో దాగిన బాలుడున్నాడు, ఓడ తెరచాపలున్నవి. లేనివి ఏవో ఇప్పుడు పూర్తి గ్రంథమును ప్రక్కన పెట్టుకొని చూచిన మీదట తెలిసినది. తీసివేసిన భాగములన్నియు దాదాపుగా లెక్కలకు సంబంధించినవి.

మొదటి లెక్క జిమ్ తండ్రిది. సముద్రపు ఒడ్డున ‘అడ్మిరల్ బెన్‌బో’ అను చిన్న సత్రము ఆయన జీవనాధారము. ఒకనాడు బిల్లీ బోన్స్ అను ముసలి నావికుడు వచ్చి, గడపపై మూడు నాలుగు బంగారు నాణెములు విసరి, అవి చెల్లిన తరువాత అడుగుమని ఆజ్ఞాపించినాడు. అవి చెల్లినవి. నెలలు గడచినవి. అడుగుటకు తండ్రికి ధైర్యము చాలలేదు. ఎప్పుడైన నోరు విప్పినచో ఆ నావికుడు ముక్కుతో గర్జించినంత పని చేసి, గుడ్లురిమి చూచి, ఆయనను గదినుండి బయటికి నడిపించెడివాడు. ఆయన చేతులు నలుపుకొనుచుండగా జిమ్ చూచినాడు. ఆ బెంగయే తండ్రి మరణమును త్వరపెట్టినదని పెద్దవాడైన జిమ్ వ్రాసినాడు. బాల పాఠకునకు ఈ తండ్రితో పనిలేదు. అతడు త్వరగా మరణించుటయే కథకు మేలు. అప్పుడు కదా జిమ్ ఓడ ఎక్కును!

మాకు మాత్రము ఈ మారు చదివినప్పుడు ఆ పుటలు దాటుట సులభము కాలేదు. మా తండ్రిగారు బస్సుస్టాండు ఎదుట చిన్న టీ హోటలు నడిపెడివారు. ఊరిలో పలుకుబడి గల ఒక పెద్దమనిషి రెండేండ్ల పాటు ఉదయము ఫలహారము, సాయంకాలము టీ, తనతో వచ్చిన వారికి కూడ, ఖాతా మీద పుచ్చుకొన్నాడు. బాకీ అడిగి రమ్మని మా తండ్రిగారు నెలకొక మారు మమ్ము పంపెడివారు. మేము వీధి మలుపు తిరుగకమునుపే వెనుకకు పిలిచెడివారు. మేము ఉపవాచకము చదివిన మరుసటి సంవత్సరము ఆయన కాలము చేసినారు. మిగిలినది ఒక ఖాతా పుస్తకము. అది ఉర్దూలో ఉన్నది.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి యున్నది. మా ఇంట మాట్లాడినది ఉర్దూ. మేము చదివినది తెలుగు మాధ్యమము. మా ఊరి పాఠశాలలో మాకు దొరికినది అదియే. చెవికి తల్లిభాష అయినది కంటికి పరాయి లిపి. తెలుగు జిల్లాలలోని మావంటి కుటుంబములలో ఇది అరుదైన సంగతి కాదు. ఈ పత్రికను చదివెడి విద్యార్థులలో కూడ అట్టివారు కొందరైనను ఉందురు. మా అమ్మగారికి ఏ లిపియు రాదు. ఆ ఖాతా పుస్తకమును మా ఇద్దరి మధ్య చాపమీద పెట్టుకొని కూర్చుంటిమి. మా తండ్రిగారి చేతివ్రాత వేగము గలది. చుక్కలు ఒకచోట, అక్షరము మరియొకచోట. మా కంటికి అది సిరాలో మునిగి లేచిన సాలీడు నడచినట్లుండెను. చివరకు ఉర్దూ చెప్పెడి మౌల్వీ సాహెబు వారి ఇంటికి పోయి, ఆయన పేరు పేరునా చదువగా, మేము తెలుగులో నోటుపుస్తకమున వ్రాసికొన్నాము. కొన్ని పద్దులపై మా తండ్రిగారే అడ్డుగీత గీసియుండిరి. ఆ గీతలు గల ఇండ్లకు పోవలదని మా అమ్మగారు అన్నారు. మిగిలిన ఇండ్లకు తామే నడచిపోయినారు. ఆ పెద్దమనిషి మూడు నెలలు త్రిప్పి సగము ఇచ్చినాడు.

కాబట్టి నవలలోని నాలుగవ అధ్యాయమును మేము ఎట్లు చదివియుందుమో పాఠకులు ఊహింపవచ్చును. బిల్లీ బోన్స్ సత్రములోనే చనిపోయినాడు. అతని పెట్టెకై దొంగలు వచ్చుచున్నారని తల్లీకొడుకులకు తెలిసినది. పల్లెకు పోయి సాయమడిగినచో ఒక్కరును ముందుకు రాలేదు. తండ్రిలేని బిడ్డకు చెందవలసిన సొమ్మును వదలుకొననని ఆమె పల్లెవారికి చెప్పి, కొడుకును వెంటబెట్టుకొని చీకటిలో సత్రమునకు తిరిగి వచ్చినది. పెట్టె అడుగున ఒక సంచి దొరికినది. మాకు రావలసినది తీసికొందును, అంతకు ఒక చిల్లికాసు కూడ ఎక్కువ వలదు అను భావముతో ఆమె లెక్కించుటకు కూర్చున్నది.

లెక్క సులభముగా సాగలేదు. సంచిలో స్పెయిను నాణెములు, ఫ్రెంచి నాణెములు, ఇంకను ఏ దేశపువో, కలగలుపుగా ఉన్నవి. ఆమెకు లెక్క తెలిసినది ఇంగ్లీషు గినీలతో మాత్రమే. అవియే అన్నిటికంటె తక్కువ. ఒక్కొక్క గినీని ఏరి తీయవలసి వచ్చినది. సగము లెక్క కాకముందే వెలుపల గుడ్డివాని కర్ర చప్పుడు. మొత్తము తీసికొని పారిపోదమని కొడుకు బతిమాలినాడు. ఆమె ఒప్పుకొనలేదు. ఎక్కువ పుచ్చుకొనుటకు ఎంత ససేమిరా అన్నదో, తక్కువతో సరిపెట్టుకొనుటకు కూడ అంతే ససేమిరా అన్నది. దూరమున ఈల వినబడిన తరువాత గాని లేవలేదు.

పిల్లవాని దృష్టికి ఈమె కథకు అడ్డుపడెడి మనిషి. జిమ్ కూడ ఆనాటి తల్లిని తలచుకొని, ఆమె నిజాయితీని, ఆమె ధనాశను ఒక్క ఊపిరిలో నిందించినాడు. మాకు మాత్రము నవల మొత్తములో ఇంతకంటె సాహసవంతమైన దృశ్యము కనబడలేదు. కత్తి పట్టినవారు, తుపాకి పేల్చినవారు ఇందులో చాలమంది ఉన్నారు. ‘ఇందులో మాది ఎంత?’ అని ప్రాణభయము నడుమ కూర్చుండి లెక్క పెట్టినది ఆమె యొక్కతెయే.

ఇంక చమత్కారము చూడుడు. తల్లి లేచినప్పుడు లెక్క పూర్తి కాలేదు. ఆ లోటు సరిపెట్టుటకని జిమ్ పెట్టెలోని ఒక నూనెగుడ్డ కట్టను చేతికి తీసికొన్నాడు. ద్వీపము పటము ఉన్నది ఆ కట్టలోనే. అనగా కొన్ని గినీల బాకీ క్రింద ఏడు లక్షల పౌనుల నిధి చెల్లు వేయబడినది! తల్లి అరకాసు ఎక్కువ ముట్టలేదు. కొడుకు ఒక్క చేతితో అంతయు ముట్టినాడు. అతడు బాలుడు, ఆ కట్టలో ఏమున్నదో ఎరుగడు. అది వేరు మాట. స్టీవెన్సన్ ఈ పని తెలిసి చేసినాడో, కలము వాటమున చేసినాడో మేము చెప్పజాలము. కథ మాత్రము అక్కడినుండి లెక్క తప్పి పరుగెత్తినది.

ఆ కట్టలో పటముతో పాటు ఒక పద్దు పుస్తకము కూడ ఉన్నది. డాక్టరు లివ్‌సీ, జమీందారు ట్రెలానీ దానిని విప్పి చూచినారు. ఒక వైపు తేదీ, ఒక వైపు సొమ్ము. నడుమ వివరము ఉండవలసిన చోట ఇంటూ గుర్తులు మాత్రమే. ఆ గుర్తులు దొంగలు ముంచిన ఓడలకు, దోచిన పట్టణములకు బదులుగా వేసినవని జమీందారు గ్రహించినాడు. ఆ ఓడలలో పోయినవారిని తలచి ఒక్క నిట్టూర్పు కూడ విడిచినాడు. న్యాయముగా చెప్పవలెనన్న ఆ నిట్టూర్పు నిజమైనదే. అయితే అది ఆరకముందే బ్రిస్టలులో ఓడ కొనుటకు ప్రయాణము నిశ్చయమైనది. వారిలో ఒకరు న్యాయాధికారము గల వైద్యుడు, మరియొకరు భూస్వామి. గుర్తుల వెనుక పేర్లు ఏవని విచారించుట ఇద్దరిలో ఎవరికిని తోచలేదు.

లాంగ్ జాన్ సిల్వరును గూర్చి వ్రాయకున్న విద్యార్థులు మమ్ము క్షమింపరు. క్షయవ్యాధి వలన ఒక కాలు కోల్పోయిన తన మిత్రుడు, కవి హెన్లీ ధాటిని చూచి స్టీవెన్సన్ ఈ పాత్రను కల్పించినాడు. బాలురకు అతడు భయము, ఆకర్షణ. మావంటి వయస్సు వచ్చినవారికి అతడు ఒక సంసారి. దొంగలలో దాచుకొనుట నేర్చినవాడు అతడొక్కడే. గుడ్డి పూ తన వాటా పన్నెండు వందల పౌనులు ఒక్క ఏడాదిలో తగులబెట్టి బిచ్చమెత్తినాడు. బెన్ గన్ తనకు వచ్చిన వేయి పౌనులను పందొమ్మిది దినములలో ముగించినాడు. సిల్వరు మాత్రము ఇంగ్లండు అను నాయకుని వద్ద తొమ్మిది వందలు, ఫ్లింట్ వద్ద రెండువేలు వెనుకవేసి, అనుమానము రాకుండ పలుచోట్ల పంచి బ్యాంకులలో ఉంచినాడు. ఇంటి వద్ద భార్య లావాదేవీలు చూచుకొనును. ఆపద వచ్చినచో సత్రము అమ్మి ఎక్కడ కలసికొనవలెనో ఆమెకు ముందే చెప్పియుంచినాడు. సంపాదించుట కాదు, నిలుపుకొనుటయే గొప్ప అను వాని ఉపదేశమును మన సహకార బ్యాంకు గోడమీద వ్రాసినను ఎవరును ఆక్షేపింపరు. చెప్పినవాడు హంతకుడని తెలియనంత వరకు.

సిల్వరు చిలుకను గూర్చి చెప్పెడి గొప్పలలో మనదేశము తొంగిచూచును. ఉపవాచకమున ఆ వాక్యములు లేవు. ఆ చిలుక మలబారు చూచినదట. గోవా నుండి బయలుదేరిన రాజప్రతినిధి ఓడను దొంగలు పట్టినప్పుడు అక్కడ ఉన్నదట. ‘కసాండ్రా’ అను ఓడ మలబారు నుండి తమను క్షేమముగా తెచ్చినదని కూడ సిల్వరు అనును. ఇవి గాలి మాటలు కావు. ఎడ్వర్డ్ ఇంగ్లండు నిజముగా ఉన్న దొంగ. కసాండ్రా ఈస్టిండియా కంపెనీవారి ఓడ. 1720లో కొమొరో దీవులలోని జోహానా వద్ద ఇంగ్లండు ముఠా దానిని పట్టుకొన్నది. మరుసటి సంవత్సరము అదే ముఠాలోని వారు గోవానుండి తిరిగిపోవుచున్న పోర్చుగీసు రాజప్రతినిధి ఓడను రీయూనియన్ ద్వీపము వద్ద పట్టుకొన్నారు. అప్పటికి ఇంగ్లండును వారే పదవినుండి దించివేసియుండిరి. స్టీవెన్సన్ ఆ గొప్ప కూడ అతనికే కట్టబెట్టినాడు. కసాండ్రా నాయకుడు జేమ్స్ మెక్రే. దొంగలు అతనిని చంపవలెనా, విడువవలెనా అని తర్జనభర్జన పడుచుండగా, గుబురు మీసములతో, ఒంటినిండ పిస్తోళ్ళతో, కొయ్యకాలుతో ఒకడు ముందుకు వచ్చి, ఇతనితో నేను పూర్వము ఓడలో పనిచేసితిని, మంచివాడు అని అడ్డుపడినాడట. స్టీవెన్సన్ చదివిన, కెప్టెన్ జాన్సన్ పేరిట 1724లో వెలువడిన దొంగల చరిత్రలో ఈ ఉదంతమున్నది. ప్రాణములతో బయటపడిన మెక్రే 1725 నుండి 1730 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్నాడు. కోట సెయింట్ జార్జిలో కూర్చున్న ఆయన ఎన్నడైన ఆ కొయ్యకాలు చప్పుడు తలచుకొనెనేమో!

ఇంతవరకు వినోదముగానే ఉన్నది. అయితే ఆ సముద్రములలో ఇంకొక ఓడ కూడ పట్టుబడినది. 1695 సెప్టెంబరులో, హజ్ యాత్రికులతోను, మోఖా, జెద్దాలలో సరకులు అమ్మగా వచ్చిన ధనముతోను సూరతునకు తిరిగివచ్చుచున్న ఔరంగజేబు చక్రవర్తి ఓడ ‘గంజ్-ఎ-సవాయీ’ని హెన్రీ ఎవరీ అను ఇంగ్లీషు దొంగ దోచినాడు. యాబదిరెండు లక్షల రూపాయల వెండి బంగారములు పోయినవని, మానము కాపాడుకొనుటకు కొందరు స్త్రీలు సముద్రమున దూకిరని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ వ్రాసినాడు. సూరతులోని ఇంగ్లీషు వర్తకులను మొగలు అధికారులు బంధించినారు. 1696లో లండనులో ఎవరీ అనుచరులు కొందరిని ఉరితీసినారు. ఎవరీ మాత్రము చిక్కలేదు. 2014లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక పండ్లతోటలో, 1693 నాటి యెమెన్ వెండి నాణెము మట్టిలో దొరికినది. ఎవరీ మనుష్యులు తెచ్చినదే కావచ్చునని కనుగొన్నవారి ఊహ. అరబ్బీ అక్షరములు గల నాణెము అట్లాంటిక్ దాటి, ఎవరి తోటలోనో మూడు వందల ఏండ్లు నిద్రించినది. పెద్దవారి చదువులో పడిన చిక్కు ఇది. సముద్రపు దొంగ అనగానే పిల్లవానికి చిలుక, నల్లజెండా కనబడును. మాకు ఇహ్రాము బట్టలు మూటగట్టుకొని ఇంటికి వచ్చుచున్న ముసలివారు కూడ కనబడినారు.

ఇట్టి తలపులతో చివరి అధ్యాయమునకు వచ్చినాము. నిధి దొరికినది. గుహలో కూర్చుండి నాణెములను సంచులకెత్తెడి పని జిమ్‌కు అప్పగించినారు. నవలలో ఇది రెండవ లెక్కింపు. దీనికి తొందర లేదు, వెలుపల కర్ర చప్పుడు లేదు. నడుము నొచ్చినను వేళ్ళు నొచ్చినను, ఇన్ని రకముల నాణెములను వేరుచేయుట ఎంతో ముచ్చటగా ఉన్నదని జిమ్ అనును. ఐరోపా రాజులందరి ముఖములు అక్కడ ఉన్నవి. వాటిని అతడు గుర్తించును. వాటి నడుమ తూర్పు దేశపు వింత నాణెములు కొన్ని. వాటిపై ముఖములు లేవు. దారపు పోగులో, సాలెగూటి తునకలో అని పోల్చదగిన గీతలు మాత్రమున్నవి. కొన్ని గుండ్రనివి, కొన్ని చదరములు, కొన్ని నడుమ రంధ్రము గలవి.

ఈ చోట మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. ఆ గీతలు ఏ లిపియో స్టీవెన్సన్ చెప్పలేదు. నడుమ రంధ్రము గలవి చీనా కాసులు కావచ్చును. కాని చదరపు రూపాయలు అక్బరు ముద్రింపించినాడు. జహంగీరు కాలమున కూడ ఉన్నవి. గోవా, మలబారు తీరములలో తిరిగిన దొంగల సంచిలో, సాలెగూటివంటి వ్రాత గల నాణెము ఏదై ఉండునో ఈ కళాశాల విద్యార్థులకు మేము విడమరచి చెప్పనక్కరలేదు. మీ పత్రికలో సగము ఆ లిపిలోనే అచ్చగుచున్నది. దానిని కుడి అట్టనుండి తెరచినవారు చదువుదురు. ఎడమ అట్టనుండి తెరచిన మనలో చాలమంది బొమ్మవలె చూచి పుట త్రిప్పుదురు.

ఉద్యోగమున చేరిన తరువాత మేము ఉర్దూ శాఖలోని ఒక మిత్రుని వద్ద అక్షరములు కూడబలుకుకొన్నాము. ఆయనయే ఒక ఆదివారము హైదరాబాదులోని రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాలలో నాణెముల అద్దముల ముందు మమ్ము నిలబెట్టి చదివించినాడు. మొగలు రూపాయి ఒక వైపున పాదుషా పేరు, హిజ్రీ సంవత్సరము. రెండవ వైపున పట్టాభిషేకమునుండి ఎన్నవ ఏడో ఆ సంఖ్య, ‘జర్బ్’ అను మాట, దానితో టంకశాల గల ఊరి పేరు. జర్బ్ అనగా ముద్ర కొట్టుట. మా మచిలీపట్నములో కూడ ఔరంగజేబు నాటి టంకశాల ఉన్నది. అనగా గుహలో కూర్చున్న జిమ్‌కు సాలెగూడుగా కనబడిన ఆ నాణెము, తాను ఎవరిదో, ఏ ఊరిదో, ఏ ఏటిదో నోరు తెరచి చెప్పుచునే ఉన్నది. బిల్లీ బోన్స్ పద్దు పుస్తకమున పేరు ఉండవలసిన చోట ఇంటూ గుర్తు. నాణెము మీద మాత్రము పేరే ఉన్నది. చదువువాడు లేడు.

స్టీవెన్సన్ పట్ల అన్యాయము చేయరాదు. నిధిని మొదట చూచినప్పుడు, దీనిని కూడబెట్టుటకు ఎంత రక్తము, ఎంత దుఃఖము, ఎన్ని ఓడలు, ఎంతమంది మనుష్యులు పోయిరో అని జిమ్ తలపోసినాడు. పిల్లల కథకుడు ఆపాటి ఆగుట గొప్పయే. అతడు ఎంత అని అడిగినాడు. ఎవరిది అని అడుగలేదు. తరువాత వాటాలు. ఎవరి స్వభావమునకు తగినట్లు వారు ఖర్చు చేసిరట. చివరి అధ్యాయమున ఆ తల్లి మాటయే లేదు. ఆమె గినీల లెక్క సరిపడినదో లేదో మనకు తెలియదు. ప్రక్కమాటగా మరియొకటి. 1894లో వెలువడిన ఒక వ్యాసమున స్టీవెన్సన్ తన నవలలోని చిలుక రాబిన్సన్ క్రూసోదని, అస్థిపంజరము ఎడ్గార్ పోదని, బిల్లీ బోన్స్ వాషింగ్టన్ ఇర్వింగ్‌దని ఒక్కొక్కటే ఒప్పుకొన్నాడు. తన అప్పులకు ఆయన పద్దు వ్రాసినాడు, ఇంటూ గుర్తులు వేయలేదు.

రెండేండ్ల క్రిందట మన గ్రంథాలయములో తొలగింపవలసిన పుస్తకముల జాబితా ఒకటి తయారైనది. అందులో ‘ట్రెజర్ ఐలండ్’ ఉన్నది. పిల్లల పుస్తకము డిగ్రీ కళాశాలకు ఎందుకని కొందరు పెద్దల అభిప్రాయము. పరుల సొమ్ము దోచుటను వినోదము చేసిన పుస్తకము ఏ అలమరకైనను తగదని యువ అధ్యాపకుడు ఒకరి వాదము. రెండవ వాదమునందు సత్యమున్నది. పైన మేము వ్రాసినదంతయు ఆయన పక్షమునకే బలము. అయినను ఉంచవలెననియే మా మాట. ఆ సొమ్ము పరులదని మాకు తెలిపినది ఏ చరిత్ర గ్రంథమును కాదు, ఈ నవలలోని ఒక్క వాక్యము. సంక్షిప్తము చేసినవారు దానిని తీసివేసినారు. తల్లి లెక్కను కూడ తీసివేసినారు. తొలగింపవలసినచో ఆ సంక్షిప్త ప్రతులను తొలగింపుడు. పూర్తి ప్రతిని, ‘కాంచన ద్వీపం’ను ప్రక్కప్రక్కన ఉంచుడు.

కమిటీవారికి ఇంకొక విన్నపము. ఈ ఏడు ఉర్దూ, తెలుగు విభాగముల విద్యార్థులను కలిపి ఒకనాడు ఆ ప్రదర్శనశాలకు పంపినచో బాగుండును. ఇద్దరికొక అద్దము చొప్పున నిలబడి, ఒకరు చదువగా ఒకరు వ్రాసికొనవలెను. మా మిత్రునకు కూడ ఊరి పేరు అందని రూపాయలు అందులో మూడు ఉన్నవి; అంచు అరిగి జర్బ్ తరువాతి అక్షరములు సగమే మిగిలినవి. కుర్రవారి కన్నులకు అవి అందవచ్చును. బస్సు ఛార్జీలు ఎంతయో ముందే తెలిపినచో మా వంతు మేము ఇచ్చుకొందుము.